సాలార్‌జంగ్‌లో ఒక్క పూట: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

కర్నూలు నుంచి హైదరాబాద్ ట్రిప్ అంటే మన ఇళ్లలో ప్లాన్ దాదాపు ఒకటే. తెల్లవారుజామున బస్సెక్కి పొద్దున దిగడం, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, వీలైతే బిర్లా మందిరం, సాయంత్రం ట్యాంక్‌బండ్, రాత్రికి తిరుగు బస్సు. ఈ వరుసలో మ్యూజియానికి మిగిలేది గంట, మహా అయితే గంటన్నర. ఆ కాస్త సమయంలోనే ముప్పైకి పైగా ఉన్న గ్యాలరీలన్నీ చుట్టేయాలని పరుగు పెడతాం. ఇంటికొచ్చాక పిల్లల్ని ఏం చూశారని అడిగితే "గడియారం" అంటారు. ఇంకా ఏం చూశారంటే దిక్కులు చూస్తారు.

తప్పు పిల్లలది కాదు. అన్ని వేల వస్తువులను ఒకే పూటలో ఏ కన్నూ పట్టుకోలేదు. కాబట్టి నా సలహా ముందే చెప్పేస్తాను. మ్యూజియానికి కనీసం మూడు గంటలు ఇవ్వండి. ఆ మూడు గంటల్లో రెండే రెండు సేకరణలు ఎంచుకోండి. ఒకటి మన చేతులకు, మన ఊళ్లకు తెలిసిన పనికి దగ్గరగా ఉండాలి. రెండోది మనం కలలో కూడా అనుకోనిది కావాలి. మొదటిదాని దగ్గర చూపు కుదురుకుంటుంది. నేత తెలిసినవాళ్లు శాలువా ముందు నిలబడితే అందులో శ్రమ ఎక్కడుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలా కుదురుకున్న చూపుతో కొత్త వస్తువు దగ్గరికి వెళితే, అదీ మాట్లాడటం మొదలుపెడుతుంది.

అయితే మ్యూజియం కంటే ముందు ఏ నగరమో తేల్చుకోవాలి. కర్నూలు వాళ్లకు హైదరాబాదే దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకు. కడప వాళ్లకు చెన్నై కూడా అందుబాటులోనే ఉంటుంది. మీకు ముఖ్యంగా పంచలోహ విగ్రహాలు, రాతి శిల్పం చూడాలని ఉంటే చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియమే సరైనది. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో చోళుల కాలపు నటరాజులు, తిరువెణ్కాడు అర్ధనారీశ్వరుడు ఉన్నాయి. మన అమరావతి స్తూపం సున్నపురాతి పలకలు కూడా పెద్ద సంఖ్యలో అక్కడే ఉన్నాయి. సాలార్‌జంగ్‌లోనూ మంచి కంచు విగ్రహాలున్నాయి కానీ ఈ ఒక్క విషయంలో ఎగ్మోర్‌తో పోటీకి రావు.

అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర. ఆధునిక చిత్రకళ, ఫొటోలు ఇష్టమైతే హైదరాబాద్ దాకా రావాల్సిన పని లేదు. ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు మాన్షన్‌లో 2009 నుంచి జాతీయ ఆధునిక కళా గ్యాలరీ నడుస్తోంది. కస్తూర్బా రోడ్డులో 2023లో కళకు, ఫొటోగ్రఫీకి కలిపి మ్యాప్ అనే కొత్త మ్యూజియం తెరిచారు. కర్ణాటక చిత్రకళా పరిషత్తులో తోలుబొమ్మల సేకరణ ఉంది. నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసి పెరిగిన అనంతపురం పిల్లలను ముందు అక్కడికే తీసుకెళ్లమంటాను. పొరుగు రాష్ట్రం వాళ్ల బొమ్మలకు కళ్లు ఎలా తీర్చారో, చిల్లులు ఎలా కొట్టారో, రంగు ఎంత పలచగా వేశారో మన బొమ్మలతో పోల్చి చూడటమే మంచి చదువు.

కానీ బట్ట, లోహం, పింగాణీ, దంతం, గాజు, గడియారం, కత్తి, కుర్చీ, చేతిరాత పుస్తకం, ఇలా మనిషి చేత్తో చేసిన అన్ని రకాల పనీ ఒకే కప్పు కింద కావాలంటే, అది ఏ దేశానిదైనా సరే, దక్షిణాదిలో సాలార్‌జంగే.

ఇంత కలగాపులగంగా ఎందుకుందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. ఇది పండితులు కూర్చుని ప్రణాళిక వేసి సేకరించింది కాదు. ప్రధానంగా ఒక మనిషి ఇష్టంతో కొన్నది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889లో పుట్టారు. 1912లో ఏడో నిజాం దగ్గర దివాన్ అయ్యారు, 1914లో ఆ పదవి వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. మిగిలిన జీవితమంతా, తన ఆదాయంలో ఎక్కువ భాగం, వస్తువుల మీదే పెట్టారు. తాత, తండ్రి కొన్నవి కూడా వాటిలో కలిశాయి. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబర్ 16న వాళ్ల నివాసం దివాన్ దేవిడీలోనే ఈ మ్యూజియాన్ని నెహ్రూ ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. ఒక వ్యక్తి అభిరుచి కాబట్టి ఇక్కడ ఒక గ్యాలరీకి, పక్క గ్యాలరీకి సంబంధం ఉండాలని లేదు. వరుసగా నడిస్తే కథ అర్థమవుతుందని ఆశ పెట్టుకోకండి. నేరుగా మీకు కావాల్సిన గదికి వెళ్లండి.

మొదట అందరూ అడిగే మూడింటి సంగతి. మేలిముసుగు రెబెక్కా, మెఫిస్టోఫిలిస్, సంగీత గడియారం. మూడూ చూడొచ్చు, కానీ మూడింటికీ ఒకే సమయం ఇవ్వొద్దు.

ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కిన రెబెక్కాను మూడో సాలార్‌జంగ్ తాత, అంటే మొదటి సాలార్‌జంగ్, 1876లో రోమ్‌లో కొన్నారు. బైబిల్ కథలో రెబెక్కా తన కాబోయే భర్తను చూసి మేలిముసుగు కప్పుకుంటుంది. ఆ పలచని ముసుగును, దాని వెనక కనబడే ముఖాన్ని ఒకే పాలరాయిలో చూపించాడు. జనం ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు పక్కకు రండి. ముక్కు దగ్గర బట్ట ఎలా ఆనిందో, బుగ్గ దగ్గర ఎలా వదులైందో, గడ్డం కింద మడతలు ఎక్కడ మొదలయ్యాయో పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది. అక్కడ రెండో పొర అంటూ ఏదీ లేదు. మడత లోతులో వెలుగు నీడలతోనే మన కన్ను బట్టను ఊహించుకుంటోంది. దీనికి పావుగంట ఇచ్చినా ఎక్కువ కాదు.

మెఫిస్టోఫిలిస్ కొయ్య బొమ్మ ఒకే దుంగలో రెండు వైపులా ఇద్దరు మనుషులు. ముందు తల ఎగరేసిన మెఫిస్టోఫిలిస్, జర్మన్ కవి గేటే రాసిన ఫౌస్ట్ నాటకంలోని సైతాను. వెనక తల వంచుకుని, చేతిలో ప్రార్థన పుస్తకం పట్టుకున్న మార్గరెటా, అదే నాటకంలోని అమాయకపు అమ్మాయి. ఆమె మనకు అద్దంలో కనబడుతుంది. 19వ శతాబ్దపు ఫ్రెంచి పని. ఆలోచన బాగుంది, పిల్లలకు చాలా నచ్చుతుంది. కానీ ఆ చమత్కారం ఒకసారి అందాక రెండోసారి చూడటానికి అందులో పెద్దగా మిగలదు. రెబెక్కా అలా కాదు, ఎంతసేపు చూస్తే అంత ఇస్తుంది. సమయం తక్కువైతే నా ఓటు రెబెక్కాకే.

ఇక గడియారం. మధ్యాహ్నం పన్నెండుకు దాని ముందు కుర్చీలన్నీ నిండిపోతాయి, వెనక నిలబడ్డవాళ్లకు తలలే కనబడతాయి. నిజానికి అది ప్రతి గంటకూ అదే పని చేస్తుంది. గంటకు కొద్ది నిమిషాల ముందు గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని సార్లు గంట కొట్టి లోపలికి వెళ్తుంది. పక్కన సుత్తి పట్టుకున్న కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ వేస్తుంటుంది. కాబట్టి పదకొండింటికి వెళ్లండి. ఒక్క దెబ్బే తక్కువ, జనం మాత్రం చాలా తక్కువ. ఒంటి గంటకు వెళితే పాపం ఒకే ఒక్క దెబ్బ, పిల్లలు నిరాశపడతారు.

ఈ మూడూ అయ్యాకే అసలు ఎంపిక. భారతీయ విభాగమా, యూరప్ విభాగమా, తూర్పు దేశాల విభాగమా? మొదటిసారి వెళ్తుంటే భారతీయ విభాగమే అంటాను, అందుకు కారణం దేశాభిమానం కాదు. యూరప్ వైపు గోడల మీద ఉన్న తైలవర్ణ చిత్రాల్లో పేరున్న పెయింటింగ్‌లకు వేసిన నకళ్లు కూడా ఉన్నాయి. ఆనాటి శ్రీమంతులు ఇంటి అలంకరణకు అలా నకళ్లు కొనడం మామూలే. లేబుల్ చదవకుండా చూస్తే ఏది అసలో ఏది నకలో తెలియదు. ఆ విభాగంలో నన్ను ఆపేవి చిత్రాలు కావు. పింగాణీ, గాజు సామాను, గడియారాలు ఆపుతాయి. వాటిలో చేతిపని అసలుదే. తూర్పు విభాగంలోనూ అంతే, పింగాణీయే బలం. లేత ఆకుపచ్చ సెలడాన్ పళ్లాల దగ్గర ఆగండి. వాటిలో విషం కలిపిన అన్నం పెడితే పళ్లెం పగులుతుందనో, రంగు మారుతుందనో నమ్మి సుల్తానులు, నవాబులు ఏరి కోరి తెప్పించుకునేవాళ్లు. నమ్మకం ఉత్తదే కానీ ఆ రంగు మాత్రం ఎంత చూసినా తనివి తీరదు.

భారతీయ విభాగంలో కర్నూలు వాళ్లకు నేను మొదట చెప్పేది చిన్న చిత్రాల గ్యాలరీ, అంటే మినియేచర్లు. దీనికి మన ఊరితో సంబంధం ఉంది. దక్కన్ చిత్రకళ అనగానే గోల్కొండ, బీజాపూర్, హైదరాబాద్ అంటారు. కానీ 18వ శతాబ్దంలో కర్నూలు నవాబుల దగ్గర, కడప నవాబుల దగ్గర కూడా ఈ చిత్రాలు వేసినవాళ్లున్నారు. దక్కన్ చిత్రకళ చరిత్రలో కర్నూలు, కడప పేర్లు విడిగా కనబడతాయి. 1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయాక చిత్రకారులకు చిన్న చిన్న సంస్థానాలే ఆసరా అయ్యాయి. 1839లో ఇంగ్లీషు వాళ్లు మన ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించాక ఇక్కడ ఆ ఆసరా కూడా పోయింది. ఇప్పుడు మన ఊళ్లో కొండారెడ్డి బురుజు ఉంది, హంద్రీ ఒడ్డున గోల్‌గుమ్మజ్ ఉంది, ఆ రంగులు మాత్రం లేవు. హైదరాబాద్‌లో గోల్కొండ శైలి బొమ్మ ముందు నిలబడితే, ఒకప్పుడు మన కోట లోపల ఎలాంటి బొమ్మలు వేసేవారో కొంత ఊహ అందుతుంది. అందుకే ఈ గదిని వదలొద్దని ఇంతగా చెబుతున్నాను.

ఎలా చూడాలంటే, ఒక మొఘల్ బొమ్మను, ఒక దక్కన్ బొమ్మను ఎంచుకుని రెండింటి మధ్యా తిరగండి. మొఘల్ చిత్రకారుడికి మనిషి ముఖం ఉన్నది ఉన్నట్టు రావాలి, గడ్డంలో వెంట్రుకలు విడివిడిగా కనబడాలి. దక్కన్ వాడికి రంగే ముఖ్యం. బంగారం, ఊదా, గులాబీ పక్కపక్కనే పరుస్తాడు. మనుషులు పొడుగ్గా ఉంటారు, చెట్లు కలలోవిలా ఉంటాయి. లేపాక్షి చూసినవాళ్లకు ఇంకో పోలిక కూడా దొరుకుతుంది. వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దంలో విజయనగర చిత్రకారులు వేసిన బొమ్మల్ని మెడ ఎత్తి చూడాలి. అక్కడ నల్లటి గీత గట్టిది, బారులు తీరిన మనుషులు, వాళ్ల చీరల్లో ఒక్కోదానిదీ ఒక్కో డిజైను. ఇక్కడ బొమ్మను ముక్కు అద్దానికి ఆనించినంత దగ్గరగా చూడాలి. రెండూ మన ప్రాంతం నేపథ్యంలో పుట్టినవే, ఒకటి గుడికి వచ్చిన అందరి కోసం, ఒకటి చేతిలో పట్టుకుని చూసే ఒక్కరి కోసం. వెలుతురు తగిలితే రంగులు పోతాయి కాబట్టి ఇలాంటి గదుల్లో లైట్లు తక్కువగా ఉంటాయి. లోపలికి వెళ్లిన వెంటనే ఏమీ కనబడటం లేదని వెనక్కి తిరగొద్దు. రెండు నిమిషాలు ఆగండి.

ఇంట్లో మగ్గం ఉన్నవాళ్లకు, ఎమ్మిగనూరు, కోడుమూరు, ధర్మవరం వైపు వాళ్లకు, మొదటి ఎంపిక వస్త్రాల గ్యాలరీ. ఇక్కడ మూడు రకాల దగ్గర ఆగితే చాలు. కాశ్మీరు శాలువాల్లో రెండు జాతులుంటాయి. కొన్నింట్లో డిజైను నేతలోనే పుడుతుంది. రంగు రంగుల దారాలు చుట్టిన చిన్న పుల్లలతో ఒక్కో వరుసా కలుపుకుంటూ పోతారు. కొన్నింట్లో నేసిన బట్ట మీద సూదితో కుడతారు. దగ్గరగా చూస్తే నేసినదాంట్లో డిజైను బట్టతో సమానంగా ఉంటుంది, కుట్టినదాంట్లో దారం కొద్దిగా పైకి తేలుతుంది. ఈ తేడా పట్టుకున్న పిల్లకు ఇంక ఏ షాపులోనూ ఎవరూ మస్కా కొట్టలేరు. రెండోది హిమ్రూ, నూలూ పట్టూ కలిపి నేసిన దక్కన్ బట్ట. మూడోది కలంకారీ. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో బట్టను నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో గీసి, పటిక పెట్టి ఎరుపు తెప్పించే పద్ధతి. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మచిలీపట్నంలో అచ్చులతో అద్దుతారు. ఏ ముక్క ఎలా చేసిందో గీత చూసి చెప్పడానికి ప్రయత్నించండి. అచ్చు పనిలో ఒకే పువ్వు మళ్లీ మళ్లీ అదే కొలతలో వస్తుంది, చేతి గీతలో ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు.

బిదరీ అనే లోహపు పని, జేడ్ అనే విలువైన రాతి పని. ఈ రెండింట్లో ఒకటే కుదిరితే? జేడ్ గదిలో పేర్లు పెద్దవి. నూర్జహాన్ పండ్లు కోసుకునే కత్తి, జహంగీర్ బాకు, షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాడి ఉంగరం. చరిత్ర చదువుకునే పిల్లలకు అవి చాలు. పని పరంగా అయితే నాకు బిదరీయే ఎక్కువ. జింకులో కొంచెం రాగి కలిపి మట్టి అచ్చులో పోస్తారు. నునుపు చేసి, చిన్న ఉలితో డిజైను తొలుస్తారు. ఆ గాళ్లలో వెండి తీగ గానీ రేకు గానీ కొట్టి దిగేస్తారు. చివర్లో బీదర్ కోటలో తవ్విన పాత మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే లోహమంతా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలబడుతుంది. హుక్కా కుండలు, పాన్‌దాన్‌లు, కూజాలు, పళ్లాలు ఉన్నాయి. తీగ పని ఏదో, రేకు పని ఏదో వేరు చేసి చూడండి. ఒక పాన్‌దాన్ ముందు మా పెద్దమ్మ నిలబడి, సున్నం గిన్నె ఏది, వక్కల గిన్నె ఏది అని తనే చెప్పుకుంటూ పోయింది. మ్యూజియం గైడ్ చెప్పని సంగతి అది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ గదిని తప్పకుండా పెట్టుకోండి. వాళ్లు చూడటమే కాదు, మీకు నేర్పుతారు.

ఆయుధాల గ్యాలరీ గురించి ఒక్క మాట. మగపిల్లలు లాక్కెళ్తారు. వెళ్లండి, కానీ పేర్లున్న కత్తుల కోసం వెతక్కుండా పిడుల మీద పనే చూడండి. దంతపు గదిలో టిప్పు సుల్తాన్‌కు ఫ్రాన్సు రాజు పదహారో లూయీ పంపాడని చెప్పే కుర్చీలున్నాయి, దారిలోనే చూసి రావచ్చు. అరబిక్, పారశీ, ఉర్దూ వచ్చినవాళ్లకు చేతిరాత ప్రతులు ఒక రోజంతా సరిపోతాయి. లిపి రాకపోయినా ఖురాన్ ప్రతుల్లోని అక్షరాల పొందిక చూడదగ్గది.

ఇక నా జతలు చెబుతాను. పదేళ్లలోపు పిల్లలుంటే గడియారం, ఆయుధాలు, ఆటబొమ్మల గది. అంతే, బయటికి వచ్చేయండి. కర్నూలు, కడప నుంచి పెద్దపిల్లలతో వస్తే మినియేచర్లు, జపాన్ పింగాణీ. నేతవాళ్లయితే వస్త్రాలు, యూరప్ గాజు సామాను. డిగ్రీలోనో ఫైన్ ఆర్ట్స్‌లోనో చేరబోయే వాళ్లయితే బిదరీ, రెబెక్కా. రెండింటికీ చెరో గంట, చేతిలో పెన్సిలు, నోట్‌బుక్. గీసుకుంటే కంటికి పడేది ఫొటోలో పడదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఒకే అంతస్తులో ఉన్నవి రెండు ఎంచుకోండి. గేటు దగ్గరే ప్లాన్ చూసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

శుక్రవారం సాలార్‌జంగ్‌కు సెలవు. ఎగ్మోర్‌కు కూడా శుక్రవారమే. బెంగళూరులో నేను చెప్పిన జాతీయ గ్యాలరీకి, మ్యాప్‌కు సోమవారం. ఈ ఒక్కటీ చూసుకోక తాళం చూసి తిరిగొచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. కర్నూలు బస్సులు దిగే ఇమ్లీబన్ బస్టాండుకు మ్యూజియం దగ్గరే, మూసీ దాటితే చాలు. రైల్లో వస్తే కాచిగూడలో దిగి ఆటో మాట్లాడుకోండి. బ్యాగులు, చిత్రాన్నం డబ్బాలు లోపలికి తీసుకెళ్లనివ్వరు, బయట అప్పజెప్పాలి. టికెట్ ధర, వేళలు బయల్దేరే ముందు రోజు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి. శని, ఆదివారాల కంటే మంగళ, బుధవారాలు మేలు. పొద్దున తెరిచేసరికి లోపల ఉంటే మొదటి గంట గ్యాలరీలు దాదాపు మీవే.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియాన్ని కూడా అదే రోజు కలుపుకుందామా అని కొందరు అడుగుతుంటారు. వద్దు. అక్కడ ఈజిప్టు మమ్మీ ఉంది, అజంతా చిత్రాలకు వేసిన నకళ్లున్నాయి, బౌద్ధ శిల్పాలున్నాయి. దానికి వేరే పూట కావాలి. రెండోసారి హైదరాబాద్ వచ్చినప్పుడు పొద్దున అక్కడికి వెళ్లండి. మధ్యాహ్నం సాలార్‌జంగ్‌కు వచ్చి, మొదటిసారి వదిలేసిన వాటిలో నుంచి మరో రెండు ఎంచుకోండి.